లండను నగరమున గంధర్వుడు

మాయలు, మంత్రములు, ఖడ్గధారులైన రాజకుమారులు గల కథలు మన యిండ్లకు క్రొత్తవి కావు. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు గోపకుమారునకు మజిలీ మజిలీకి వినిపించినవి యట్టివే. 1951వ సంవత్సరపు పాతాళభైరవి చలనచిత్రమునకు వానిలోనే మూలము కలదు. పాశ్చాత్యులకు నైట్లను కవచధారు లెట్టివారో, మనకా రాజకుమారు లట్టివారు. కాని యవన్నియు నేనాటి కథలో! ఆ మాయ మన కాలములోనికే దిగివచ్చినచో నేమగును?

విశ్వనాథ సత్యనారాయణగారు (1895–1976) హాహాహూహూ యను చిన్న నవలలో నీ వింతనే కల్పించిరి. లండనులోని ట్రఫాల్గరు చౌకమున గుఱ్ఱపు మొగము, ఱెక్కలు గల పురుషు డొకడు వచ్చి పడును. అతడు గంధర్వుడు, పలుకునది సంస్కృతము. అక్కడివారు మనుష్యుడా, జంతువా యని తర్కించి, బోనులో నుంతురు. హాహా, హూహూ యనునవి అమరకోశము వల్లించినవా రెఱిగిన గంధర్వనామములే. గజేంద్రుని పట్టిన మొసలియు శాపము పొందిన హూహూయే కదా! పేరు చూడగానే నాకు నవ్వు వచ్చినది. చదువుకొలది తెలిసినదేమన, అందు నవ్వులపాలగువాడు గంధర్వుడు కాడు. ఎఱుగనిదానిని బోనులో పెట్టుటయే జ్ఞానమని యెంచువారు. వెల్చేరు నారాయణరావుగారి యాంగ్లానువాదము 2018లో వెలువడినది. తుద నేమగునో చెప్పను, సోదరీమణులారా, చదువుడు.

యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళము వేఱొక త్రోవ. నేటి పట్టణపు టింట తులసి యను పసిపిల్లపై కాష్మోరా ప్రయోగము జరుగును. ఒకవంక వైద్యులు, ఒకవంక మాంత్రికులు. పుస్తకము క్రింద పెట్టనీయని నేర్పు ఆ రచయితది, కాదనను. అయినను హుకుంపేటవంటి మన్యపు టూరిలో దానిని చదువుట వేఱు. ఇచ్చట చిల్లంగి యను మాట కథలోనిది కాదు. బిడ్డకు జ్వరము వచ్చి తగ్గకున్న, పొరుగింటి ముదుసలి మీదికి చూపులు పోవును. చిల్లంగి పెట్టినా రను అనుమానముతో ఈ మన్యమున మనుష్యులను చంపిన యుదంతములు కలవు. ఆ జ్వరము మలేరియా యేమో! ఒక్క నెత్తురుబొట్టు పరీక్షించిన తెలియును. మాంత్రికుని శక్తి నిజమేమో యను సందేహము పట్టణములో వినోదము; ఇచ్చట ఒకరి ప్రాణము.

అందుచేత మా పిల్లలకు హాహాహూహూ ముందిచ్చితిని. తులసిదళము పదునాఱేండ్లు నిండినపిదప, నాతో కూర్చుండి చదువవలె నంటిని. పెద్దపిల్ల ఇంకను ఒప్పుకొనలేదు.