పెనుకొండలో తయారైన బండి

విజయనగర చరిత్రలో పెనుకొండ పేరు మీరు వినే ఉంటారు. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన తరువాత తిరుమలరాయలు తన రాజధానిని అక్కడికి మార్చాడు. విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయకుల కాలంలోను ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చి మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడ్డాయి. ఆ పెనుకొండ దగ్గర ఈనాడు మోటారు బండ్లు తయారవుతున్నాయి.

కోయంబత్తూరులోని ఆర్.ఎస్. పురం వీధిలో నిలబడి చూడండి. కారుకన్న ఎత్తుగా, జీపుకన్న నునుపుగా ఉండే బండ్లు ఎన్నో కనిపిస్తాయి. వీటిని స్పోర్ట్ యుటిలిటీ వెహికల్ అని, క్లుప్తంగా ఎస్‌యూవీ అని అంటారు. పెనుకొండ దగ్గర తయారయ్యే సెల్టోస్ ఈ జాతిలో మధ్యతరహా బండి. చూపులకు ఇది జీపు వంశానికి చెందినదే. కాని లోపలి నిర్మాణం జీపుది కాదు. ఆ తేడా ఏమిటో, దానివల్ల లాభనష్టాలేమిటో తెలుసుకుందాం.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, అమెరికా సైన్యానికి బురదలోను, రాళ్ళలోను నడిచే తేలికైన బండి కావలసి వచ్చింది. బాంటమ్ అనే చిన్న సంస్థ మొదటి నమూనాను తయారుచేసింది. విల్లీస్, ఫోర్డ్ సంస్థలు 1941 నుండి ఈ తరహా బండ్లను పెద్దఎత్తున తయారుచేశాయి. యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు వెలువడ్డాయి. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది.

జీపు అడుగున రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు ఉంటాయి. ఇది నేలమీద పడుకోబెట్టిన నిచ్చెనలాగా ఉంటుంది. అందుకే దీనిని నిచ్చెన చట్రం అంటారు. ఇంజను, ఇరుసులు ఈ చట్రానికే అమరుతాయి. ఇరుసులకూ చట్రానికీ మధ్య కమాను కట్టలు ఉంటాయి. మనుషులు కూర్చునే భాగాన్ని చట్రం పైన బిగిస్తారు. అవసరమైనప్పుడు ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. ముందు చక్రాలు బురదలో జారినా వెనుక చక్రాలు బండిని నెడతాయి. అయితే ఈ బలానికి తగిన బరువు ఉంది. బరువు పెరిగితే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. కుదుపులు కూడా ఎక్కువే.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక అట్టముక్కను రెండు చేతులతో పట్టుకొని మెలిపెట్టండి. సులువుగా మెలి తిరుగుతుంది. అదే అట్టను పెట్టెగా మడిచి, అంచులన్నీ అంటించి మళ్ళీ మెలిపెట్టండి. ఈసారి అంత సులువుగా లొంగదు. అట్ట మారలేదు, ఆకారం మారింది. ఈ సూత్రంతోనే కార్లు తయారుచేస్తారు. ఉక్కు రేకులను ప్రెస్సులో వంచి, ఒకదానితో ఒకటి వెల్డింగు చేసి పెట్టెలాగా కూరుస్తారు. ఆ పెట్టే బరువును మోస్తుంది. వేరే చట్రం అక్కరలేదు. దీనిని మోనోకాక్ నిర్మాణం అంటారు. 1984లో వచ్చిన జీప్ చెరోకీకి విడి చట్రం లేదు. 1994లో టయోటా సంస్థ కారు పద్ధతిలోనే రావ్4 అనే చిన్న ఎస్‌యూవీని తెచ్చింది. సెల్టోస్ ఈ దారిలో వచ్చినదే.

దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలంలోని ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలలో, ఏడాదికి మూడు లక్షల బండ్లు తయారుచేయగల కర్మాగారం వెలసింది. అది వానలు తక్కువగా పడే సీమ. హంద్రీ-నీవా పథకం ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరే కృష్ణా నీరు ఈ కర్మాగారానికి ఆధారం. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. ఆ మొదటి సెల్టోస్ పొడవు సుమారు 4.3 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. మన దేశంలో అమ్మిన ఈ బండిలో ఇంజను శక్తి ముందు చక్రాలకు మాత్రమే అందుతుంది. కనుక ఇది గతుకుల రోడ్డుకు తగినది కాని, అడవిలో దారి చేసుకుపోయే జీపు కాదు.

దీని అడుగుభాగం నేలకు సుమారు 19 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. గుంతలు, వేగనిరోధకాలు తగలకుండా దాటవచ్చు. ఎత్తున కూర్చున్నవారికి దారి బాగా కనిపిస్తుంది. కాని ఎత్తు పెరిగితే గరిమనాభి కూడా పైకి పోతుంది. ఆళియారు నుండి వాల్పారైకి పోయే కొండదారిలో 40 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. అక్కడ వేగంగా తిరిగితే పొట్టి కారుకన్న ఎత్తు బండి ఎక్కువగా ఒరుగుతుంది. ఇటువంటి చోట బండి అదుపు తప్పబోతే, తగిన చక్రానికి దానంతటదే బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఇప్పుడు ఉంది. అయినా వేగం తగ్గించడమే మొదటి జాగ్రత్త.

ఎత్తయిన బండి గట్టిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఢీకొన్నప్పుడు బండి ముందుభాగం నలగాలి. అలా నలుగుతూ అది దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. మనుషులు కూర్చునే గది మాత్రం నలగకూడదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ సెల్టోస్‌ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దల రక్షణకు అయిదింట మూడు నక్షత్రాలు ఇచ్చి, గది నిర్మాణం నిలకడగా లేదని తెలిపింది. నునుపైన రంగు వెనుక ఉన్న ఈ సంగతి చూపుకు అందదు. పరీక్షలోనే బయటపడుతుంది. 2023 అక్టోబరు నుండి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇటువంటి పరీక్షలు జరుగుతున్నాయి.

కాబట్టి మీ ఇంటివారు బండి కొనాలనుకుంటే, ఎంత ఎత్తుగా ఉంది అని మాత్రమే అడగకండి. ఢీకొన్నప్పుడు గది నిలిచిందా అని అడగండి. ఏ బండి ఎక్కినా, వెనుక సీటులో కూర్చున్నా సరే, బెల్టు పెట్టుకోండి. యంత్రాన్ని రూపుతో కాక పనితీరుతో అంచనా వేయడం విద్యావంతుల లక్షణం.

ప్రశ్నలు
1. నిచ్చెన చట్రానికీ మోనోకాక్ నిర్మాణానికీ తేడా ఏమిటి?
2. బండి ఎత్తు పెరిగితే కలిగే ఒక లాభాన్ని, ఒక నష్టాన్ని కారణాలతో రాయండి.
3. ఢీకొన్నప్పుడు బండి ముందుభాగం నలగడం ఎందుకు మంచిది?