'రన్'కు 645 అర్థాలున్నాయట, కంఠతా పట్టాలా?

పక్కింటి పదో తరగతి అమ్మాయి మొన్న ఇంగ్లిష్ పుస్తకం పట్టుకొచ్చింది. "హర్ ఫాదర్ రన్స్ ఎ హోటల్ అని ఉంది ఆంటీ. వాళ్ల నాన్న హోటల్ని పరిగెత్తిస్తాడా?" అని అడిగింది. నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. రన్ అంటే పరుగు అని చిన్నప్పుడు నేర్పి, అక్కడితో ఆపేసింది మనమే.

ఆ మాట ఎంత పెద్దదో ముందు చూద్దాం. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ 'సెట్' అనే క్రియది. దాని 430 అర్థాలు చెప్పడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి. పేజీకి 300 మాటలు వేసుకుంటే అది 200 పేజీల పుస్తకం, ఒక్క క్రియకే! ఆ తర్వాత 'రన్' దాన్ని దాటేసింది. 2011 నాటికి క్రియగానే 645 అర్థాలు తేలాయి. వాటిని విడదీసి రాయడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. అంటే రోజుకు రెండు మూడు అర్థాలన్నమాట. మనం రోజుకొకటి నేర్చుకుంటూ పోతే ఏడాది తొమ్మిది నెలలు కావాలి.

మరి ఇంగ్లిష్ వాళ్లకు ఇవన్నీ వచ్చా? రావు. ఆ నిఘంటువు ఒకసారి చేర్చుకున్న అర్థాన్ని, వాడుక పోయినా తీసేయదు. పాతబడిందని గుర్తు పెట్టి ఉంచుతుంది. మన అటకమీద తాతల నాటి గంగాళం ఉన్నట్టే. వంట రోజూ నాలుగు గిన్నెల్లోనే అవుతుంది.

ఇన్ని అర్థాలు రావడానికి యంత్రాలూ ఒక కారణం. గుర్రమూ ఏరూ పరుగెత్తిన మాటే రైలుకు, మిల్లుకు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాముకు కూడా వచ్చి చేరింది.

అసలు చిక్కు ఇక్కడుంది. వాళ్లు ఒక్క 'రన్'తో సరిపెట్టుకున్న చోట మనం పనికో క్రియ వాడతాం. ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, బస్సు నడుస్తుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. కొత్త చీర తడిపితే బకెట్లో నీళ్లు ఎర్రబడతాయి చూడండి, మనకది రంగు దిగడం, వాళ్లకు అదీ 'రన్'. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో 'రన్' చేస్తే, మన అభ్యర్థి నిలబడతాడు. బ్రిటన్‌లోనూ నిలబడటమే, అక్కడి మాట 'స్టాండ్'. కాబట్టి 'రన్' కనబడగానే పరుగు అనుకోకుండా, దాని పక్కన ఏముందో చూడాలి. పక్కన ముక్కు ఉంటే కారడం, ఏరు ఉంటే పారడం.

హోటల్ సంగతీ ఇలాగే తేలుతుంది. తెలుగులో బస్సు దానంతటది 'నడుస్తుంది', డ్రైవరు దాన్ని 'నడుపుతాడు'. క్రియ రూపమే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో రూపం మారదు. నడిపే వస్తువు పేరు 'రన్' తర్వాత వచ్చి కూర్చుంటుంది, అంతే. "రన్స్ ఎ హోటల్" అంటే హోటల్ నడుపుతాడని. నిజానికి ఈ తేడా మనకు బడికి వెళ్లకుండానే తెలుసు. "మోటార్ రన్ అవుతోంది" అంటాం, "టిఫిన్ సెంటర్ రన్ చేస్తున్నాం" అంటాం. ఇంగ్లిష్ మాటకు 'అవు', 'చేయి' తగిలించి ఆ రెండింటినీ చక్కగా విడదీసుకున్నాం.

ఇంకొకటి ఫ్రేజల్ వెర్బ్, అంటే క్రియకు చిన్న మాట తోకలా తగిలి అర్థం మారిపోవడం. 'రన్ అవుట్ ఆఫ్' అంటే నిండుకోవడం, 'రన్ ఇన్‌టు' అంటే అనుకోకుండా ఎదురుపడటం. వీటిని మాత్రం తోకతో సహా ఒకే మాటగా నేర్చుకోవాలి.

ఇదంతా విని ఆ అమ్మాయి, "ఇంగ్లిషే ఇంత కష్టమా?" అంది. 'కొట్టు' అనే మాట ఎన్ని రకాలుగా వాడతావో చెప్పమన్నాను. కొబ్బరికాయ, గంట, ఈత, ఎండ, కంపు, సైకిల్‌కు గాలి, బండికి పెట్రోలు... వేళ్లు మడుస్తూ పోయింది. రెండు చేతులూ అయిపోయాక మళ్లీ మొదటి వేలికొచ్చింది.