వైర్ బ్రష్ వద్దు.. ఉల్లిపాయ చాలు!

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్తుంటే బొంగులో చికెన్ రుచి చూడాల్సిందే. అందులో నాకు రుచితో పాటు నచ్చేది ఇంకోటుంది.. అంట్లు తోమే పని ఉండదు. తిన్నాక బొంగు పారేస్తే సరి! వీకెండ్‌లో డాబా మీద చికెన్ కాల్చుకునే గ్రిల్ జాలీతో ఆ సుఖం లేదు.

మాడిన మసాలా వదలట్లేదని చాలామంది ఇనుప తీగల బ్రష్ పడతారు. అసలు ప్రమాదం అక్కడే. ఊడిన సన్నటి తీగ జాలీకి అంటుకుని, చికెన్ ముక్కతో పాటు కడుపులోకి పోవచ్చు. 2011 మార్చి నుంచి 2012 జూన్ వరకు అమెరికాలోని ప్రావిడెన్స్‌లో ఇలాంటి కేసులు 6 వచ్చాయని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. కొందరికి గొంతులో, కొందరికి పేగుల్లో గుచ్చుకున్నాయట!

అందుకే నేను మన దోసె పెనం ఫార్ములానే ఫాలో అవుతా. జాలీ వేడి మీద ఉన్నప్పుడే సగం కోసిన ఉల్లిపాయను పొడుగాటి ఫోర్కుకు గుచ్చి గట్టిగా రుద్దాలి. చల్లారాక కొబ్బరి పీచుతో తోమి, కడిగి, తడి లేకుండా తుడిచి, పల్చగా నూనె రాయాలి. పోత ఇనుప జాలీని మాత్రం రాత్రంతా నానబెట్టొద్దు, తుప్పు పడుతుంది.

ఇంకో మాట. మా ఖమ్మం-భద్రాచలం వైపు చాలా ఊళ్లకు అడవి పక్కనే. బూడిద పారబోసే ముందు నీళ్లు చల్లి, కలిపి, పూర్తిగా ఆరిందో లేదో చూడండి. ఎండాకాలంలో ఎండుటాకులు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.