మూగజీవి మూలిగినప్పుడు

నిన్నటివరకు గంతులు వేసిన కుక్కపిల్ల నేడు మూలన చేరి మూలుగుతుంటే, కోపగించుకొనే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది.

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో ఒక భవనం రెండవ అంతస్తులో మా కాపురం. మా బంటి పేరుమోసిన జాతికుక్క కాదు. సమీపంలోని ఖిడ్కీ గ్రామపు సందులో, ఒక టీ దుకాణం బల్ల క్రింద పుట్టిన నాలుగు పిల్లలలో ఒకటి. రెండు నెలల ప్రాయంలో మా ఇంటికి వచ్చి, ఎనిమిది నెలలు నిండేసరికి మా అబ్బాయికి తమ్ముడి వరుస సంపాదించుకొన్నది.

వానలు వెనుకబట్టిన సెప్టెంబరు రోజులవి. గొలుసు చప్పుడు వినగానే తలుపు వద్దకు దూకే బంటి, ఒకనాటి సాయంత్రం మంచం క్రిందినుంచి కదలలేదు. పిలిస్తే లేవబోయి, కుయ్యిమని మూలిగి, మళ్లీ కూలబడింది. దానికి ప్రాణప్రదమైన పెరుగన్నం పెడితే వాసన చూసి ముఖం తిప్పుకొన్నది. ఆ రాత్రంతా గంటకొకసారి అదే మూలుగు. మరునాడూ అంతే.

ఇటువంటి సమయాలలో సలహాలకు కొదువ ఉండదు. దిష్టి తగిలిందని ఒకరన్నారు. వయసు వచ్చింది, తోడు కోరుతున్నదని మరొకరు నవ్వారు. గారాబం ఎక్కువైంది, రెండు దెబ్బలు వేస్తే సర్దుకుంటుందని ఇంకొకరి అభిప్రాయం. పొరుగింటి పెద్దాయన సదుద్దేశంతోనే మనుషులు వాడే నొప్పి మాత్ర ఒకటి తెచ్చి ఇచ్చారు. మా శ్రీమతి దానిని పుచ్చుకొన్నదే కాని, ఎందుకో వేయడానికి చేయి రాలేదు. ఆ వెనుకంజే తరువాత మమ్మల్ని కాపాడింది.

మూడవ రాత్రి నాకు సహనం నశించింది. గట్టిగా గద్దించి, బాల్కనీలో కట్టివేసి తలుపు మూశాను. తెల్లవారిన తరువాత మా అబ్బాయి జాలిపడి దాని మెడచుట్టూ చేయి వేయగానే, ఏనాడూ పళ్లు చూపని ఆ కుక్క గిర్రున తిరిగి కరవబోయింది. పళ్లు చర్మానికి తగలలేదు. కాని మా ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనైంది. అప్పటికి గాని పశువైద్యుని వద్దకు వెళ్లాలన్న బుద్ధి పుట్టలేదు.

డాక్టరుగారు బంటిని ముట్టుకొనక ముందే అడిగిన మొదటి ప్రశ్న, "రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు?" అని. మూడవ నెలలో వేయించిన కాగితం చూపిన తరువాతనే పరీక్ష ప్రారంభించారు. జ్వరం 104.6 డిగ్రీలు. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. కాలి కీళ్లు మడిచినప్పుడల్లా మూలుగు. చివరకు ముందుకాలి వేళ్లు విడదీసి మాకు చూపించారు. రక్తం త్రాగి కందిగింజలంత ఉబ్బిన గోమార్లు మూడు అక్కడ అంటుకొని ఉన్నాయి. రక్తపరీక్షలో విషయం రూఢి అయింది. గోమారి కాటువల్ల వచ్చే జ్వరం అది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు బాగా తగ్గిపోయాయి.

"ఇది మూడు రోజులుగా నొప్పి అని చెబుతూనే ఉన్నది" అన్నారు డాక్టరుగారు. "మీకు దాని భాష తెలియలేదు, అంతే."

చిన్న పురుగు, పెద్ద చేటు

కొన్ని ప్రాంతాలలో పిడుదు అని పిలిచే ఈ పురుగును పల్లెల్లో పశువుల కాపరులందరూ ఎరుగుదురు. కుక్కలను పట్టే గోధుమరంగు గోమారికి ఒక విశేషమున్నది. అది పచ్చిక మీదనే కాక ఇంటిలోను జీవించగలదు. గోడల పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక ఆడ గోమారి వేల సంఖ్యలో గ్రుడ్లు పెడుతుంది. అందువల్ల మేడమీద పెరిగే కుక్క కూడా దాని బారినుండి తప్పించుకోలేదు.

గోమార్లు రోగాలను మోస్తాయన్న సంగతి మలేరియా దోమల సంగతికంటె ముందే తెలిసింది. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రజ్ఞులు పశువుల జ్వరమొకటి గోమార్ల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది ఆ తరువాత నాలుగేళ్లకు, 1897లో. స్మిత్ కనుగొన్న క్రిమి జాతికే చెందిన బెబీసియా, మలేరియా క్రిమి వలెనే ఎర్ర రక్తకణాలలో చేరి కుక్కలను పీడిస్తుంది. మా బంటికి వచ్చినది ఎర్లీకియా అనే మరొక సూక్ష్మజీవి వల్ల. దానిని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అనేక అమెరికన్ సైనిక శునకాలు దీనికి బలి అయిన తరువాత ప్రపంచం దృష్టి దానిమీద పడింది.

గోమారి కరిచిన ఒకటి రెండు వారాల తరువాత జ్వరం, నీరసం, కీళ్లనొప్పి బయటపడతాయి. కొన్నాళ్లకు అవి వాటంతటవే తగ్గినట్లు కనిపించవచ్చు. అసలు మోసం అక్కడే ఉన్నది. క్రిమి నెలల తరబడి దాగి ఉండి, చివరకు ఎముకల మజ్జను దెబ్బతీయగలదు. ఆ దశలో ముక్కునుండి రక్తం కారడం మొదలైతే కుక్కను బ్రతికించడం కష్టం. తొలిదశలోనే పట్టుకొంటే డాక్సీసైక్లిన్ అనే మందు, సాధారణంగా నాలుగు వారాలపాటు వాడితే చాలు. మూలుగు వినిపించిన మొదటి రోజులకు అందుకే అంత విలువ.

మేము వేయకుండా వదిలిన ఆ మాత్ర సంగతి కూడా చెప్పాలి. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను చెరుపుతాయి. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన జంతువుకు అది నిప్పుమీద నేయి. మనుషుల నొప్పి మందు ఏదైనా సరే, వైద్యుని అనుమతి లేకుండా కుక్కకు వేయరాదు.

వయసు తెచ్చే మార్పులు

లేతకుక్క మూలిగిన ప్రతిసారీ అది రోగమే కానక్కరలేదు. నాలుగవ నెల మొదలు ఏడవ నెల వరకు దాని 28 పాలపళ్లు ఊడి, 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజులలో చిగుళ్ల సలపరం వల్ల మూలగడం, చెప్పులు కొరకడం సహజం. చల్లార్చిన గట్టి క్యారెట్టు ముక్కో, తడిపి చల్లబరచిన గుడ్డో నమలడానికి ఇస్తే ఉపశమనం కలుగుతుంది.

ఆడకుక్క సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. పెద్ద జాతులలో మరికొంత ఆలస్యం కావచ్చు. అది ముగిసిన సుమారు రెండు నెలలకు, చూలు లేకపోయినా చూలు ఉన్నట్లే ప్రవర్తించేవి కొన్ని ఉంటాయి. గుడ్డలు, బొమ్మలు పోగుచేసుకొని, వాటిని పిల్లలవలె కాపాడుతూ మూలుగుతాయి. పాలు కూడా పడవచ్చు. చాలావరకు అది కొద్ది వారాలలో దానంతటదే సర్దుకుంటుంది. ఈడు వచ్చిన మగకుక్క దూరాన ఎదకు వచ్చిన ఆడకుక్క వాసనకే అన్నం మాని తలుపు గీరుతుంది.

వేగంగా ఎదిగే పెద్ద జాతులలో అయిదవ నెల దాటిన తరువాత కాళ్ల ఎముకలలో నొప్పి పుట్టడం కద్దు. ఈవేళ ఒక కాలు, వచ్చే వారం మరొక కాలు కుంటుతుంటే దానిని అనుమానించాలి.

చెవికి, మనసుకు తగిలే దెబ్బలు

మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకు వినిపిస్తే, కుక్కకు సుమారు 45,000 వరకు వినిపిస్తుంది. మనకు నిశ్శబ్దంగా తోచే గదిలో ఒక యంత్రపు సన్నని కూత దానిని వేధిస్తూ ఉండవచ్చు. ఢిల్లీలో దీపావళి నాటి బాణసంచా సంగతి చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రి బెదిరిన లేతకుక్క తరువాత తలుపు చప్పుడుకే వణుకుతుంది. దానిని దండిస్తే భయం రెట్టింపవుతుంది. కిటికీలు మూసి, దాగడానికి ఒక మూల చూపి, ప్రశాంతంగా ప్రక్కన కూర్చోవడమే మందు.

ఒంటరితనం మరొక కారణం. బడులకు సెలవులు ముగిసి, ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా బయటకు వెళ్లనారంభించినప్పుడు మూలుగు మొదలైతే అది ఎడబాటు వల్లనే కావచ్చు. ఇక్కడ ఒక గుర్తు ఉపకరిస్తుంది. కోరికతో మూలిగే కుక్క ఆ కోరిక తీరగానే ఊరుకుంటుంది. బయటకు పోవాలని మూలిగితే తలుపు తీయగానే తోక ఊపుతుంది. నొప్పితో మూలిగే కుక్కకు ఏది ఇచ్చినా మూలుగు ఆగదు. లేచేటప్పుడో, మెట్లు దిగేటప్పుడో, ఒకచోట తాకినప్పుడో అది హెచ్చుతుంది.

మరువరాని ప్రమాదం

స్వభావం హఠాత్తుగా మారిన కుక్క విషయంలో రేబిస్‌ను తలచుకొనక తప్పదు. కలుపుగోలు కుక్క చీకటి మూలలు వెదకడం, బెరుకైనది అతిచనువు చూపడం, మొరుగు బొంగురుపోవడం, క్రింది దవడ వ్రేలాడి చొంగ కారడం దాని లక్షణాలు. గొంతులో ఎముక ఇరుక్కున్నదని భ్రమించి నోటిలో చేయి పెట్టి ప్రాణాపాయం తెచ్చుకొన్నవారున్నారు. అటువంటి కుక్కను తాకకుండా ఒక గదిలో ఉంచి, వెంటనే పశువైద్యునికి కబురు పంపాలి.

కుక్క కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలపాటు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. 1885లో పాశ్చర్ ఒక బాలుణ్ణి రక్షించిన నాటినుండి ఈ వ్యాధికి టీకా ఉన్నది. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. బొడ్డుచుట్టూ వేసే 14 సూదిమందుల కాలం గతించింది. ఇప్పటి టీకాలు భుజానికి వేసేవి. అయినప్పటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. లక్షణాలు కనిపించిన తరువాత చికిత్స దాదాపు లేదనే చెప్పాలి.

టీకాలు పూర్తికాని పిల్లలలో డిస్టెంపర్ కూడా స్వభావాన్ని మారుస్తుంది. కంటి పుసి, ముక్కు కారడం, దగ్గుతో మొదలై మూర్ఛలకు దారితీస్తుంది. 1978లో బయటపడి త్వరలోనే ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వ్యాధిలో వాంతులు, నెత్తుటి విరేచనాలు ముఖ్య లక్షణాలు. ఈ మూడింటికీ టీకాలున్నాయి.

మీరు చేయవలసినది

మొదట గమనించండి. మూలుగు ఎప్పుడు మొదలైంది, ఏ పని చేసినప్పుడు హెచ్చుతున్నది, అన్నం, నీరు, మలమూత్రాలు ఎట్లా ఉన్నాయి అన్నవి ఒక కాగితం మీద వ్రాయండి. వైద్యునికి అంతకు మించిన సాయం లేదు.

మచ్చికైన, టీకా వేసిన కుక్క అయితే మెల్లగా పరీక్షించండి. దాని సహజమైన వేడి 101 నుంచి 102.5 డిగ్రీలు. ఆరోగ్యమైన చిగురు గులాబీరంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి వస్తుంది. వేళ్ల సందులు, చెవి లోపలి భాగం, మెడపట్టీ క్రింద గోమార్లకోసం వెదకండి. చెవి దుర్వాసన వేస్తున్నదా, పాదంలో ముల్లు ఉన్నదా చూడండి. తాకితే గుర్రుమంటే అక్కడ ఆపివేయండి. గోమారిని చేతితో నలపవద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా లాగి, చేతులు కడుక్కోండి.

కడుపు ఉబ్బి డోకులు వస్తున్నా, మూత్రం రాక ముక్కుతున్నా, మూర్ఛ వచ్చినా, చిగుళ్లు తెల్లబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. మామిడిటెంక, మొక్కజొన్న బెండు వంటివి మింగి ప్రేగులు మూసుకొన్న కుక్కలకు కూడా గంటలే గడువు. తక్కిన సందర్భాలలో మూలుగు, తిండి మానడం ఒక రోజు దాటితే వైద్యునికి చూపించాలి.

మాకు ఉత్తరాన సుమారు 170 కిలోమీటర్ల దూరంలో కురుక్షేత్రమున్నది. జనమేజయుడు అక్కడ సత్రయాగం చేస్తుండగా ఒక కుక్కపిల్ల ఆ ప్రాంతానికి వచ్చిందని, రాజు తమ్ములు దానిని కొట్టి తరిమారని భారతం ఆదిపర్వం చెబుతుంది. అది ఏడుస్తూ తల్లి సరమ వద్దకు వెళ్లింది. సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. ఎవ్వరూ బదులు చెప్పలేకపోయారు. నిరపరాధిని బాధించినవారికి ఊహించని భయం కలుగుతుందని పలికి ఆమె వెళ్లిపోయింది.

బాల్కనీ తలుపు మూసిన ఆ రాత్రి నన్ను ఎవరైనా అదే ప్రశ్న అడిగి ఉంటే, నా వద్దా జవాబు లేదు.

మందు మొదలుపెట్టిన రెండవనాడు బంటి పెరుగన్నం తిన్నది. అయిదవనాడు గొలుసు చప్పుడు విని తలుపు వద్దకు వచ్చింది. నాలుగు వారాలూ మందు వేసే పని నేనే చేశాను. ప్రతి రాత్రీ పడుకొనే ముందు దాని వేళ్ల సందులు ఇప్పటికీ తడిమి చూస్తాను. అది ఆ సమయానికి తానే వచ్చి, ముందుకాలు నా చేతిలో పెడుతుంది.