జామకాయ ముందు ఆపిల్ దిగదుడుపే!

యాంటీ ఆక్సిడెంట్లు... ఈ మాట వినగానే ఖరీదైన పండ్లు, రంగురంగుల మాత్రల డబ్బాలు గుర్తొస్తాయి చాలామందికి. నిజానికి అవి సిద్దిపేట రైతుబజారు గంపల్లో, చేనుగట్ల మీద, వంటింటి పోపులపెట్టెలో ఎప్పటినుంచో ఉన్నాయి. గుర్తుపట్టి తినడమే తరువాయి!

ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్తే చేతిలో ఏముంటుంది? ఆపిల్ పండ్ల కవరు! సిద్దిపేటలోనే కాదు, తెలుగునాట ఏ పట్నంలోనైనా అంతే. ఆ పక్కనే తోపుడుబండి మీద జామకాయలున్నా ఎవరూ అటు చూడరు. 'జామకాయలు పట్టుకెళ్తే ఏం బాగుంటుంది' అని మొహమాటం.

ఆ మొహమాటం అక్కర్లేదని ఏనాడో తేల్చేశారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. మనం మామూలుగా తినే 14 రకాల తాజా పండ్లను పరీక్షించి, వాటిలోని యాంటీ ఆక్సిడెంట్ల శక్తిని లెక్కగట్టారు. 2011లో బయటికొచ్చిన ఆ లెక్కల ప్రకారం వంద గ్రాముల జామలో దాదాపు 500 మిల్లీగ్రాములు ఉంటే సీతాఫలంలో 200, మామిడిలో 170, దానిమ్మలో 135 దాకా ఉన్నాయి. మరి ఆపిల్‌లో? 120కి కాస్త అటూ ఇటూ. అంటే జామలో ఉన్నదాంట్లో నాలుగో వంతు! అందుకే జామను 'పేదవాడి ఆపిల్' అనడం ఒకరకంగా దాన్ని చిన్నబుచ్చడమే.

ఒంట్లో తుప్పు

ఇంతకీ ఈ యాంటీ ఆక్సిడెంట్లు చేసే పనేంటి? నాగలి కర్రును వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. కోసిన వంకాయ ముక్కను గాలికి వదిలేస్తే నల్లబడుతుంది. రెండూ ఆక్సిజన్ మహిమే. ఒంట్లోనూ ఇంచుమించు అలాంటిదే జరుగుతుంటుంది. తిన్న అన్నం శక్తిగా మారేటప్పుడు కణాల్లో 'ఫ్రీ రాడికల్స్' పుడతాయి. వీటికి ఒక ఎలక్ట్రాన్ కొరత. దాన్ని పక్కనున్న అణువుల నుంచి లాక్కుంటాయి. అలా కణాల పొరలూ, కొవ్వులూ, చివరికి డీఎన్ఏ కూడా దెబ్బతింటాయి. పొగతాగడం, వాహనాల కాలుష్యం, అదుపులో లేని షుగర్... ఇవన్నీ ఆ మంటలో ఆజ్యం పోస్తాయి. వయసు మీదపడటానికీ ఇవే కారణం కావచ్చని 1956లోనే ప్రతిపాదించాడు అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్.

యాంటీ ఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఆ దోపిడీని ఆపుతాయి. ఇవి ఒక్క రకం కాదు. సి, ఇ విటమిన్లు, బీటా కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్, నేరేడుకు ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు... ఇలా పెద్ద కుటుంబమే ఉంది. ఒకదానికొకటి సాయం కూడా చేసుకుంటాయి. పనిచేసి అలసిన ఇ విటమిన్‌ను సి విటమిన్ మళ్లీ సిద్ధం చేస్తుంది. అందుకే ఏ ఒక్కదాన్నో పట్టుకుని వేలాడకుండా, పళ్లెంలో రకరకాల రంగులు ఉండేలా చూసుకోమంటారు పోషకాహార నిపుణులు.

ఏ కాలానిది ఆ కాలమే

ఆ రంగుల కోసం ఎక్కడికో పరుగెత్తక్కర్లేదు. తొలకరి పడే వేళకి నేరేడు పండ్లొస్తాయి. నాలుక ఊదాగా మారిందంటే ఆంథోసయనిన్లు అందినట్టే. వానలు ముదిరేసరికి ఆకుకూరలు. బతుకమ్మ పండుగ దగ్గరపడుతుంటే గంపల నిండా సీతాఫలాలు. కార్తీకంలో వనభోజనాలతో పాటే ఉసిరి. సి విటమిన్‌లో దీనికి సాటి వచ్చే కాయలు చాలా తక్కువ. ఏడాదంతా నిలవుండేలా దాన్ని తొక్కు పెట్టుకోవడం మనకు అలవాటే. కాకపోతే ఉప్పు కాస్త తగ్గించి, కొన్ని కాయలు పచ్చివే తింటే మేలు. చలికాలంలో జామ, రేగుపండ్లు. ఎండాకాలంలో మామిడి, చింతచిగురు, పుచ్చకాయ.

ఇక ఏడాది పొడవునా దొరికేవీ ఉన్నాయి. పుంటికూర, తోటకూర, మునగాకు, కరివేపాకు, టమాటా, ఎర్ర ఉల్లిగడ్డ. వంకాయనూ తక్కువ చేసి చూడకూడదు. కోయగానే అది నల్లబడటానికి కారణం అందులోని పాలీఫినాల్సే. అవి కూడా యాంటీ ఆక్సిడెంట్లే. ఊదారంగు తొక్కలో మరికొన్ని ఉంటాయి కాబట్టి చెక్కు తీయకుండా వండుకోవడమే మంచిది.

జొన్నరొట్టె సంగతీ అంతే. గింజ పైపొరలోనే పాలీఫినాల్స్ ఎక్కువ. రాగుల్లోనూ అక్కడే. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టిస్తే పోయేది కూడా ఆ పొరే.

కలుపు కాదు... కూర!

తెలంగాణ పల్లెల్లో విత్తకుండానే మొలిచే కూరలు బోలెడు. గంగవాయిలి, తుమ్మికూర, పొన్నగంటి, చెన్నంగి, గునుగు... బతుకమ్మలో పేర్చే ఆ గునుగు పూల మొక్కే! దాని లేత ఆకును కూర వండుకుంటారు. పుల్లగా ఉండే గంగవాయిలిలో ఇ విటమిన్‌తో పాటు, ఆకుకూరల్లో అరుదుగా కనిపించే ఒమేగా-3 కొవ్వులు కూడా ఉన్నాయి. పప్పులో వేస్తే ఆ రుచే వేరు.

ఈ కూరల విలువ గుర్తించి, పదుల రకాలను లెక్కరాసి పెట్టింది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఉన్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. 2016లో జిల్లాలు విడిపోకముందు సిద్దిపేట, జహీరాబాద్ రెండూ ఉమ్మడి మెదక్‌లోవే. చిరుధాన్యాలు పండించే చేలల్లో పప్పులు, నూనెగింజలతో పాటు ఈ కూరలూ పెరగనివ్వడం ఆ సంఘం మహిళల పద్ధతి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం కూడా అందుకుందా సంస్థ.

కానీ సిద్దిపేట చుట్టుపక్కల జొన్నచేలు తగ్గి పత్తి, మక్క పెరిగాయి. 2020లో రంగనాయకసాగర్‌కు గోదావరి నీళ్లు చేరాక వరి కళకళలాడుతోంది. రైతు చేతికి నాలుగు డబ్బులొచ్చాయి, సంతోషమే. అయితే కూలీల ఖర్చు భరించలేక కలుపుమందు కొట్టిన చోట గంగవాయిలి, గునుగు కూడా మాడిపోతున్నాయి. పైసా ఖర్చు లేకుండా ఇంటికొచ్చే కూర పోయింది. దాని పేరు, వండే తీరు తెలిసిన అమ్మమ్మల తరం కూడా వెళ్లిపోతే మళ్లీ చెప్పేవాళ్లుండరు. మందు కొట్టని పెరట్లో, గట్టు మీద నాలుగు మొక్కలు ఉంచుకున్నా చాలు. మందు కొట్టిన చేలో ఆకు మాత్రం కోయకూడదు.

డబ్బాలో దొరకదు

'ఇంత అవస్థ ఎందుకు, రోజుకో మాత్ర వేసుకుంటే పోలా?' అనుకునేవాళ్లు ఫిన్లాండ్ కథ తెలుసుకోవాలి. అక్కడ 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పెద్ద పరిశోధన జరిగింది. బీటా కెరోటిన్ మాత్రలతో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితాలొచ్చాయి. మాత్రలు మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో అలాంటి మరో పరిశోధనను ఇదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. ఆకుకూరలో, క్యారెట్‌లో మేలు చేసే పదార్థమే మాత్రగా మారి మోతాదు పెరిగేసరికి పొగతాగేవాళ్లకు కీడు చేసింది. కూరలో అది ఒంటరిగా ఉండదు, పీచుతో, మరెన్నో పోషకాలతో కలిసి ఉంటుంది మరి.

మన జామకాయ లెక్కలకూ ఇదే హెచ్చరిక. అవి ప్రయోగశాలలో తేలిన అంకెలు. ఒంట్లో ఎంత ఇముడుతుందన్నది వేరే సంగతి. ఇలాంటి అంకెలను కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికను వెబ్‌సైట్ నుంచి తీసేసింది కూడా. కాబట్టి 'ఇది తింటే ఆ జబ్బు రాదు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. పండ్లూ కూరలూ బాగా తినేవాళ్లకు గుండెజబ్బుల ముప్పు తక్కువన్నది మాత్రం ఎన్నో అధ్యయనాలు చెప్పిన మాట.

మరి ఎంత తినాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషి పళ్లెంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. గిన్నెడు అన్నంలోకి చెంచాడు కూర వేసుకునే మన అలవాటును తిరగేయాలన్నమాట!

వంటింటి కిటుకులు

* ఆకుకూరను ముందు కడిగి, తర్వాత తరగాలి. తరిగాక కడిగితే సి విటమిన్ నీళ్లపాలే.
* టమాటాను కొంచెం నూనెలో మగ్గిస్తే లైకోపిన్ ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూరల్లోని కెరోటిన్‌కూ కాస్త నూనె తోడుండాలి.
* నిమ్మరసం కూర దించాకే పిండాలి. వేడికి సి విటమిన్ నిలవదు.
* పసుపుకు మిరియం జత. మిరియాల్లోని పైపరిన్ వల్ల పసుపులోని కర్క్యుమిన్ ఎన్నో రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. మన చారులో ఈ రెండూ ఉండనే ఉన్నాయి.
* టీలోనూ యాంటీ ఆక్సిడెంట్లున్నాయి. కానీ భోజనం చేస్తూనే తాగితే ఐరన్ ఒంటపట్టదు. గంట ఆగి తాగండి.
* షుగర్ ఉన్నవాళ్లు సీతాఫలం, మామిడి ఎంత తినొచ్చో డాక్టరును అడగాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పుంటికూర, పాలకూర విషయంలో, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఆకుకూరలన్నిటి విషయంలో ముందే సలహా తీసుకోవాలి.

ఒక ఆపిల్ ధరకు ఎన్ని జామకాయలొస్తాయో, ఎన్ని కట్టల తోటకూర వస్తుందో ఈసారి బజారుకెళ్లినప్పుడు లెక్కేసి చూడండి. సంచిలో ఏం వేసుకోవాలో మీకే తెలిసిపోతుంది!