పాట వెంట... ఊరూరా!

ఒకే బృందం. ఇంచుమించు అవే పాటలు. బాగుంటే రెండోసారి వెళ్లి వింటాం. మరీ ఇష్టమైతే పదోసారి. అదే బృందాన్ని ఎనిమిది వందలసార్లకు పైగా, అదీ ఊరూరా తిరిగి విన్నవాణ్ని ఏమనాలి?

అమెరికాలో అలాంటివాళ్లకు ఓ పేరే ఉంది... డెడ్‌హెడ్! ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే రాక్ బ్యాండుకు వీరాభిమాని అన్నమాట. లక్షలమంది డెడ్‌హెడ్లలో బహుశా అందరికన్నా పొడుగువాడు బిల్ వాల్టన్. పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఎత్తు ఏడడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఎర్రజుట్టు, ఒంటిమీద రంగురంగుల టై-డై చొక్కా. పాతికవేల మందిలో నిల్చున్నా వేదిక మీదనుంచి ఇట్టే కనిపించేవాడు. ఆయన వెనక చోటు దొరికినవాళ్ల పాట్లు మాత్రం, పాపం, ఎవరూ రాయలేదు.

రొట్టె మీది జామ్ కాదు

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. జెర్రీ గార్సియా, బాబ్ వేర్, ఫిల్ లెష్, బిల్ క్రాయిట్స్‌మన్, ‘పిగ్‌పెన్’ అని అందరూ పిలిచే రాన్ మెకెర్నన్ తొలి సభ్యులు. రెండేళ్ల తర్వాత మరో డ్రమ్మర్ మిక్కీ హార్ట్ వచ్చి చేరాడు. 30 ఏళ్లలో వీళ్లు ఇచ్చిన కచేరీలు 2,300కు పైనే. ఏ రాత్రి ఏ పాట వాయిస్తారో ముందుగా చెప్పేవారు కాదు. మొదలుపెట్టిన పాట ఎక్కడ ఆగుతుందో వాళ్లకే తెలిసేది కాదు. పాట మధ్యలో గిటారు ఓ దారి పడితే, డ్రమ్స్ దాన్ని వెంబడిస్తాయి. అంతా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడమే. దాన్నే ‘జామ్’ అంటారు. అలా వాయించేవి జామ్ బ్యాండ్లు.

‘డార్క్ స్టార్’ అనే పాటనే తీసుకోండి. 1968లో రికార్డుగా వచ్చినప్పుడు దాని నిడివి మూడు నిమిషాల్లోపే. మరుసటి ఏడాది విడుదలైన కచేరీ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు! నలభై నిమిషాలు దాటిన రాత్రులూ ఉన్నాయి. మరి ఒకసారి విన్నామని ఊరుకుంటే ఎలా?

ఈ సరదా మనకు కొత్తేం కాదు. ఒకప్పుడు పక్కూళ్లో ‘కృష్ణ రాయబారం’ ఉందంటే బళ్లు కట్టుకుని వెళ్లేవారు. పద్యాలన్నీ అందరికీ నోటికొచ్చినవే. అయినా ఇవాళ ఈలపాట రఘురామయ్య రాగం ఎలా తీస్తాడన్నదే ఆరాటం. ‘ఒన్స్‌మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకునేది అందుకే. కాకపోతే మనవాళ్లు తెల్లారేసరికి ఇంటికొచ్చేవారు. డెడ్‌హెడ్లు అట్నుంచి అటే తర్వాతి ఊరికి బయల్దేరేవారు.

డెడ్ సంగీతంలో మన లయ కూడా ఉంది. మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లారఖా దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. ఆయన కొడుకు జాకీర్ హుస్సేన్‌తో కలిసి చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్‌కు 1992లో గ్రామీ అవార్డు దక్కింది.

పాత వ్యాను, జున్ను శాండ్‌విచ్

పర్యటన అంటే ఎంత ప్రయాణమో తెలియాలంటే 1995 వేసవిని చూడాలి. జూన్ 15న కెనడా సరిహద్దు దగ్గరున్న వెర్మాంట్‌లో మొదలు. అక్కణ్నుంచి న్యూజెర్సీ, ఆల్బనీ, వాషింగ్టన్, డెట్రాయిట్ దగ్గర్లోని ఆబర్న్ హిల్స్, పిట్స్‌బర్గ్, ఇండియానా, సెయింట్ లూయిస్... జులై 9న షికాగోలో ముగింపు. అంటే పాతిక రోజుల్లో తొమ్మిది చోట్లు. ఓ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో నలుగురైదుగురు కూరుకుని, పెట్రోలు డబ్బులు పంచుకుని ఇదంతా తిరిగేవారు.

ఆ డబ్బులెక్కడివంటారా? కచేరీ మైదానం బయట కార్లు నిలిపేచోటే ఓ తిరునాళ్ల నడిచేది. ‘షేక్‌డౌన్ స్ట్రీట్’ అని దానికి బ్యాండు పాట పేరే పెట్టుకున్నారు. ఒకరు పెనం మీద జున్ను శాండ్‌విచ్‌లు కాల్చి అమ్మేవారు. ఒకరు చొక్కాలకు రంగులద్ది అమ్మేవారు. ఇంకొకరు పూసల దండలు. ఇవాళ్టి అమ్మకం రేపటి పెట్రోలుకు సరి! టికెట్ లేనివాళ్లు ఓ వేలు పైకెత్తి నడుస్తుంటారు. ఒక టికెట్ ఎవరైనా దానం చెయ్యండి అని దానర్థం. అలా ఉచితంగా దొరికే టికెట్‌ను ‘మిరకిల్’ అంటారు. నిజంగానే ఇచ్చేవాళ్లుండేవారు.

బ్యాండు కూడా తక్కువ తినలేదు. 1983 నుంచి సొంతంగా పోస్టులో టికెట్లు అమ్మింది. కార్డు మీద వివరాలు రాసి, మనీయార్డర్ జతచేసి పంపాలి. తమ కవరు కళ్లబడాలని అభిమానులు దాని నిండా బొమ్మలు వేసేవారు. అలాంటి కవర్లు ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రజ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇక కచేరీని రికార్డు చేసుకుంటామంటే ఎవరైనా మెడబట్టి బయటికి గెంటుతారు. డెడ్ మాత్రం 1984లో రికార్డు చేసుకునేవాళ్లకంటూ విడిగా సీట్లే కేటాయించింది. ఒక్కటే షరతు... అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు టపా ఖర్చు పంపితే చాలు, ముక్కూముఖం తెలియని డెడ్‌హెడ్ కచేరీ మొత్తం నకలు తీసి పంపేవాడు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ అలా చేతులు మారి మారి ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ రికార్డింగును అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోకే ఎక్కించారు.

విరిగిన పాదంతో...

బిల్ వాల్టన్ 1967 ప్రాంతంలో, హైస్కూల్లో ఉండగా తొలిసారి ఈ సంగీతం విన్నాడు. అప్పట్లో అతనికి నత్తి. 28 ఏళ్ల వయసుదాకా అది వదల్లేదు. ఆటలో మాత్రం తిరుగులేదు. 1977లో పోర్ట్‌లాండ్ జట్టును ఎన్‌బీఏ విజేతగా నిలిపాడు. మరుసటి ఏడాది లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సరిగ్గా అప్పుడే పాదం ఎముక విరిగింది.

1978-79 సీజన్ మొత్తం ఆటకు దూరం. ఆ తర్వాత కూడా రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. ఆటగాడికి ఆట లేకపోతే ఇంకేముంది? వాల్టన్‌కు ఒక్కటుంది. 1978 సెప్టెంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ ఈజిప్టు వెళ్లి గిజా పిరమిడ్ల పక్కన మూడు రాత్రులు వాయించింది. చివరిరోజు సంపూర్ణ చంద్రగ్రహణం. ఆ బృందంతో పాటు ఈజిప్టు వెళ్లినవాళ్లలో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడూ ఉన్నాడు!

తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడినప్పుడు లారీ బర్డ్, కెవిన్ మెక్‌హేల్ లాంటి ఉద్దండుల్ని సైతం డెడ్ కచేరీకి లాక్కెళ్లాడు. 1986లో ఆ జట్టు కూడా విజేతగా నిలిచింది. కచేరీకీ గెలుపుకీ సంబంధం ఉందో లేదో గానీ, వాల్టన్‌ను అడిగితే ఏమనేవాడో ఊహించుకోవచ్చు.

గేట్లు విరిగిన రాత్రి

ఈ తిరునాళ్లలో అంతా మంచే జరిగిందనుకుంటే పొరపాటు. మత్తుమందులు మొదట్నుంచీ ఉన్నాయి. అరెస్టులూ, చెడిన బతుకులూ ఉన్నాయి. అక్కడే ‘వార్ఫ్ ర్యాట్స్’ అనే బృందమూ ఉండేది. మత్తు మానేసి కేవలం పాట కోసం వచ్చేవాళ్లు విరామంలో పసుపు బెలూన్లు కట్టిన బల్ల దగ్గర చేరి, ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు.

1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట హిట్టయింది. 22 ఏళ్ల ప్రస్థానంలో అమెరికా టాప్ టెన్‌లోకి ఎక్కిన పాట అదొక్కటే. దాంతో జనం విరగబడ్డారు. పాట కోసం కాకుండా బయటి సందడి కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. టికెట్ లేకపోతే రావద్దని బ్యాండు బతిమాలుకున్నా ఫలితం లేకపోయింది. 1995 జులై 2న ఇండియానాలోని డీర్‌క్రీక్‌లో వేలమంది కంచె కూలగొట్టి లోపలికి దూసుకొచ్చారు. మర్నాటి కచేరీ రద్దు. ‘ఇలాగైతే ఇక పర్యటనలుండవు’ అన్న ధోరణిలో బ్యాండు సభ్యులు అభిమానులకు బహిరంగలేఖ రాయాల్సొచ్చింది. మూడురోజులకే మిస్సోరీలో ఓ విడిది దగ్గర, వానకు వసారా కిందికి చేరినవాళ్ల మీద కప్పు కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆగస్టు 9న గార్సియా చనిపోయాడు. వయసు 53.

వ్యాన్లు ఏ దారి పట్టాలి? కొన్ని ‘ఫిష్’ వైపు తిరిగాయి. 1983లో వెర్మాంట్‌లో పుట్టిన ఈ జామ్ బ్యాండు 2004 ఆగస్టులో అదే రాష్ట్రంలోని కవెంట్రీలో వీడ్కోలు కచేరీ ప్రకటించింది. కుంభవృష్టి. మైదానమంతా బురద. కార్లకు చోటు లేదు, వెనక్కి వెళ్లిపోండని రేడియోలో చెప్పారు. వందల మైళ్లు వచ్చినవాళ్లు వెళ్తారా? కార్లను హైవే పక్కనే వదిలేసి, సంచులు భుజాన వేసుకుని మైళ్ల కొద్దీ నడిచారు. ఇంతా చేస్తే ఆ బ్యాండు 2009లో మళ్లీ కలిసింది! 2017లో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించింది, ఒక్క పాట కూడా రెండోసారి రాకుండా.

నేల మీంచి లేచి

వాల్టన్ ఒంటి మీద 30కి పైగా ఆపరేషన్లు జరిగాయి. రెండు చీలమండలూ కదలకుండా బిగించేశారు. 2008లో వెన్నెముక కూడా మొరాయించింది. పడుకోవడం, తినడం అన్నీ నేలమీదే. ఇక బతకాలనిపించలేదని ఆ రోజుల గురించి తర్వాత తనే దాచుకోకుండా చెప్పాడు. 2009లో వెన్నుకు పెద్ద ఆపరేషన్ జరిగింది. మెల్లగా లేచాడు. నిలబడ్డాడు. మళ్లీ కచేరీలకు బయల్దేరాడు. 2016లో వచ్చిన ఆత్మకథకు పెట్టుకున్న పేరు ‘బ్యాక్ ఫ్రమ్ ది డెడ్’. చావునుంచి వెనక్కి వచ్చానన్నా అదే, డెడ్ కచేరీ నుంచి వచ్చానన్నా అదే!

గార్సియా పోయాక మిగిలినవాళ్లు రకరకాల పేర్లతో వాయిస్తూ వచ్చారు. 2015లో వేర్, హార్ట్, క్రాయిట్స్‌మన్ మరికొందరితో కలిసి ‘డెడ్ అండ్ కంపెనీ’గా ఏర్పడ్డారు. వాల్టన్ వీటన్నిటికీ హాజరు. డిసెంబరు 31 రాత్రి కచేరీల్లో కాలపురుషుడి వేషం కట్టి, కొత్త సంవత్సరాన్ని పిలిచిందీ ఆయనే. నత్తిని జయించి టీవీ వ్యాఖ్యాతగా మారాక బాస్కెట్‌బాల్ మ్యాచ్ మధ్యలో కూడా డెడ్ కబుర్లే! స్కోరు చెప్పవయ్యా అని విసుక్కున్న ప్రేక్షకులూ లేకపోలేదు.

2024 మే 27న 71 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశాడు. ఆ వారంలో డెడ్ అండ్ కంపెనీ లాస్ వెగాస్‌లో, ‘స్ఫియర్’ అనే గుండ్రటి ప్రదర్శనశాలలో వాయిస్తోంది. మే 30 రాత్రి ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’ పాట సాగుతుండగా, వేదిక వెనకున్న ఆ బ్రహ్మాండమైన తెర మీద ఎర్రజుట్టు పొడుగువాడి ఫొటోలు కనిపించాయి. ఆ ఒక్కరాత్రి మాత్రం బిల్ వాల్టన్ జనం వైపు తిరిగి ఉన్నాడు.