ఫ్లోరిడా కీస్‌లో ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్

ఫ్లోరిడా కీస్ అనేవి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణపు కొన నుండి నైరుతి దిశగా వంపు తిరిగి సాగే చిన్న చిన్న ద్వీపాల వరుస. ఈ ద్వీపాల చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రజలాలలో ఈకలతోను, వెంట్రుకలతోను కట్టిన తేలికపాటి కృత్రిమ ఎరను విసిరి చేపలను పట్టే వినోద క్రీడ ప్రపంచ ప్రసిద్ధి చెందినది. ఈ ఎరను 'ఫ్లై' అనీ, ఈ పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అనీ అంటారు. నదులలో ట్రౌట్, సాల్మన్ చేపల కొరకు పుట్టిన ఈ పద్ధతి సముద్రంలో బాగా స్థిరపడిన తొలి ప్రాంతాలలో ఇది ఒకటి.

ఇక్కడి ఫ్లై ఫిషింగ్ చాలావరకు గైడుల వెంట జరుగుతుంది. అన్నిటికంటె ఎక్కువ మంది కోరుకునే టార్పన్ చేపల కాలం ఏప్రిల్ నుండి జూలై వరకు ఉంటుంది. దక్షిణ ఫ్లోరిడాలో వర్షాకాలం మే నెల మధ్యలోనే మొదలౌతుంది. అనగా వేటకు అనువైన రోజులు, ఉరుములు మెరుపులతో కూడిన వానల రోజులు చాలావరకు ఒకే కాలంలో వస్తాయి. అందువలన ఇక్కడి గైడుకు చేపల గురించి ఎంత తెలియాలో ఆకాశం గురించి కూడా అంత తెలియవలసి ఉంటుంది.

భౌగోళిక స్థితి

ఉత్తరాన కీ లార్గో నుండి నైరుతిన కీ వెస్ట్ వరకు ఉన్న ద్వీపాలను ఓవర్సీస్ హైవే అనే రహదారి, దాని మీది వంతెనలు కలుపుతున్నాయి. ఈ రహదారి పొడవు సుమారు 180 కి.మీ. ద్వీపాలకు ఒక వైపు అట్లాంటిక్ మహాసముద్రం, మరొక వైపు ఫ్లోరిడా బే, మెక్సికో సింధుశాఖ ఉన్నాయి. ఫ్లోరిడా బేలో అధికభాగం 1947లో ప్రారంభమైన ఎవర్‌గ్లేడ్స్ జాతీయ ఉద్యానవనంలో ఉంది.

ద్వీపాల చుట్టూ సముద్రపు గడ్డి, ఇసుక, మెత్తటి బురద పరచుకొన్న విశాలమైన మెరకలు ఉన్నాయి. వీటిని 'ఫ్లాట్స్' అంటారు. చాలాచోట్ల వీటి మీద నీరు మోకాలి లోతుకు మించదు. పోటు వచ్చినపుడు రొయ్యలు, పీతలు తినడానికి పెద్ద చేపలు ఈ మెరకల మీదికి వస్తాయి. నీరు తీసినపుడు తిరిగి లోతైన కాలువలలోకి వెళ్ళిపోతాయి. ఆటుపోట్ల వేళలను బట్టి ఏ మెరక మీద ఏ గంటకు చేప ఉంటుందో అంచనా వేయడం గైడు పనిలో మొదటి మెట్టు.

వేట విధానం

మామూలు గాలంలో ఎరకు లేదా సీసపు గుండుకు ఉన్న బరువు దారాన్ని లాక్కొని పోతుంది. ఫ్లైకి బరువు దాదాపు ఉండదు. అందువలన బరువును దారంలోనే అమరుస్తారు. లావైన ఈ దారాన్ని పొడవాటి కర్రతో వెనుకకు, ముందుకు గాలిలో ఊపి విసరగా దాని వెంట ఫ్లై చేప ముందుకు చేరుతుంది. గాలి వేగం పెరిగే కొద్దీ ఈ విధంగా విసరడం కష్టమౌతుంది.

ఇది కంటితో చూసి చేసే వేట. పడవ ముందుభాగాన వేటగాడు నిలబడతాడు. వెనుక ఇంజను పైన కట్టిన ఎత్తైన అరుగు మీద గైడు నిలబడి పొడవాటి గెడతో పడవను చప్పుడు లేకుండా నెడతాడు. గోదావరి మీద పడవవారు గెడ వేసే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. ఈ అరుగును 1970లలో రూపొందించిన ఘనతను సాధారణంగా మయామీకి చెందిన గైడు బిల్ కర్టిస్‌కు ఆపాదిస్తారు. చేప కనబడగానే గైడు గడియారపు ముల్లు లెక్కన దిక్కును, అడుగులలో దూరాన్ని చెబుతాడు. పడవ ముక్కు ఎప్పుడూ పన్నెండు గంటల దిక్కు. ఉదాహరణకు 'పది గంటల దిక్కు, అరవై అడుగులు' అనగానే వేటగాడు కొద్ది క్షణాలలో అక్కడికి ఫ్లైని విసరాలి. నీటి లోపలికి చూడడానికి పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి.

ముఖ్యమైన చేపలు

టార్పన్: దీని శాస్త్రీయ నామం మెగలాప్స్ అట్లాంటికస్. రెండు మీటర్లకు మించి పెరుగుతుంది, 100 కిలోలు దాటే చేపలు కూడా ఉంటాయి. యాభై సంవత్సరాలకు పైగా జీవించగలదు. దీని వాయుకోశం ఊపిరితిత్తి వలె కూడా పనిచేస్తుంది కనుక అప్పుడప్పుడు నీటి పైకి వచ్చి గాలి మింగుతుంది. ఆ కదలికను బట్టి గైడులు దూరం నుండే దీనిని గుర్తిస్తారు. గాలానికి తగలగానే నీటి పైకి ఎగరడం దీని ప్రత్యేకత. ఇదే ప్రజాతికి చెందిన చిన్న చేప మెగలాప్స్ సైప్రినాయిడిస్ భారతదేశపు తీరజలాలలో కూడా ఉంది.

బోన్‌ఫిష్: వెండి రంగులో ఉండే చేప. చిన్న అలికిడికి కూడా బెదిరి అతి వేగంగా పారిపోతుంది.

పెర్మిట్: పీతలను ఇష్టంగా తినే వెడల్పాటి చేప. ఫ్లైతో పట్టడానికి మూడింటిలో ఇదే అన్నిటికంటె కష్టమని వేటగాళ్ళు భావిస్తారు. ఈ మూడింటిని ఒకే రోజున పట్టడాన్ని 'గ్రాండ్ స్లామ్' అంటారు.

చరిత్ర

హెన్రీ ఫ్లాగ్లర్ నిర్మించిన రైలుమార్గం 1912లో కీ వెస్ట్ చేరింది. ఈ మార్గంలో ఉన్న లాంగ్ కీ ద్వీపంలో చేపల వేట విడిది ఒకటి వెలిసింది. ప్రసిద్ధ రచయిత జేన్ గ్రే అక్కడి క్లబ్బుకు మొదటి అధ్యక్షుడు. 1935 సెప్టెంబరు 2న వచ్చిన లేబర్ డే హరికేన్ ఈ విడిదిని నాశనం చేసింది, రైలుమార్గాన్ని తెంచివేసింది. ఈ విపత్తులో నాలుగు వందల మందికి పైగా మరణించారు. మృతులలో చాలామంది రహదారి పనుల కొరకు వచ్చిన మొదటి ప్రపంచ యుద్ధపు మాజీ సైనికులు. వారిని తరలించడానికి పంపిన రైలు ఆలస్యంగా బయలుదేరి, ఇస్లామొరాడా వద్ద ఉప్పెనకు పట్టాలు తప్పింది. మృతుల స్మారక చిహ్నం ఇస్లామొరాడాలో ఉంది. రైలుమార్గం స్థానంలో రహదారి 1938లో పూర్తయింది.

1947లో జో బ్రూక్స్ అనే రచయిత, గైడు జిమ్మీ ఆల్‌బ్రైట్ సహాయంతో ఇస్లామొరాడా వద్ద ఫ్లైతో బోన్‌ఫిష్‌ను పట్టాడు. ఈ వార్తతో సముద్రపు ఫ్లై ఫిషింగ్‌కు ప్రాచుర్యం వచ్చింది. దారాలను కలిపే 'ఆల్‌బ్రైట్ ముడి'కి ఈ గైడు పేరే పెట్టారు. ఆయన భార్య ఫ్రాంకీ, ఆమె సోదరి బోనీ స్మిత్ కూడా తొలితరం గైడులలో పేరు పొందినవారు. బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ ఇస్లామొరాడాలో నివసిస్తూ ఈ వేటకు మరింత పేరు తెచ్చాడు.

వేసవి వాతావరణం

వేసవిలో దక్షిణ ఫ్లోరిడాలో ఉరుముల వాన పడుతుందా అన్నది పెద్ద ప్రశ్న కాదు, దాదాపు ప్రతిరోజూ ఎక్కడో ఒక చోట పడుతుంది. ఏ గంటకు, ఏ మెరక మీద పడుతుందన్నదే ముందుగా చెప్పలేని విషయం. ఒక ద్వీపం మీద కుండపోతగా కురుస్తుండగా పది కిలోమీటర్ల దూరంలో ఎండ కాస్తూ ఉండవచ్చు. వాన పడే అవకాశం ఇంత శాతం అని చెప్పే సూచన ఆ రోజు స్వభావాన్ని తెలుపుతుంది గాని, ఒక చిన్న పడవ నిలిచిన చోటును గురించి చెప్పలేదు.

పగటి ఎండకు ప్రధాన భూభాగం సముద్రం కంటె త్వరగా వేడెక్కుతుంది. వేడి గాలి పైకి లేవగా రెండు తీరాల నుండి తేమతో కూడిన సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఈ గాలులు కలిసిన చోట మధ్యాహ్నానికి ఎవర్‌గ్లేడ్స్ మీద క్యుములోనింబస్ మేఘాలు పెరుగుతాయి. పై గాలులు ఉత్తరం నుండి వీచే రోజులలో ఆ మేఘాలు ఫ్లోరిడా బే మీదుగా ద్వీపాల వైపు వస్తాయి. ద్వీపాలు సన్నగా ఉండడం వలన వాటికి ప్రధాన భూభాగం వలె నియమిత వేళ లేదు, తెల్లవారుజామున కూడా ఉరుముల వానలు రావచ్చు.

మేఘం నుండి దిగే చల్లని గాలి వానకంటె ముందే నీటి మీద పరుచుకుంటుంది. ఉక్కపోతగా ఉన్న చోట హఠాత్తుగా చల్లగాలి తగిలిందంటే ఈదురుగాలి దగ్గరపడినదని గుర్తు. అద్దంలా ఉన్న నీరు కొన్ని నిమిషాలలో అలలతో నిండిపోతుంది. వేసవిలో ఈ ప్రాంతంలో జలస్తంభాలు కూడా తరచుగా ఏర్పడతాయి. ఇవి సామాన్యంగా కొద్ది నిమిషాలకు మించి నిలవవు, కాని చిన్న పడవను బోల్తా కొట్టించగలవు.

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. బంగాళాఖాతంలో తుఫాను అని పిలిచే వాయుగుండాల వంటివే ఇవి. 2017 సెప్టెంబరు 10న ఇర్మా హరికేన్ నాలుగవ శ్రేణి తీవ్రతతో కుడ్జో కీ వద్ద తీరాన్ని తాకి పడవలకు, రేవులకు, ఇళ్ళకు అపార నష్టం కలిగించింది. హరికేన్ రాకను కొన్ని రోజుల ముందే తెలుసుకొనే అవకాశం ఉంది. రోజువారీ ఉరుముల వానకు ఆ వ్యవధి ఉండదు.

వేట మీద ప్రభావం

వాన పడకపోయినా మబ్బు కమ్మితే నీటి మీద ఆకాశపు కాంతి ప్రతిఫలించి చేపలు కనబడవు. అప్పుడు గైడు తెల్లని ఇసుక అడుగు ఉన్న చోటుకు గాని, టార్పన్లు నీటి పైకి వచ్చి గాలి మింగే లోతైన కాలువలకు గాని పడవను మారుస్తాడు. గాలి పెరిగితే ద్వీపానికి గాలిచాటు వైపుకు వెళ్తారు. ఎండలు ముదిరినపుడు మెరకల మీది నీరు మరీ వేడెక్కి బోన్‌ఫిష్ లోతుకు వెళ్ళిపోతుంది కనుక తెల్లవారుజాము, సాయంకాలం మేలు. ఈ మార్పులన్నీ వేటలో భాగమే. ఉరుము వినబడినపుడు మాత్రం చోటు మార్చుకోవడం సరిపోదు, వేట ఆపవలసిందే.

పిడుగు ప్రమాదం

అమెరికాలో పిడుగులు అత్యధికంగా పడే రాష్ట్రాలలో ఫ్లోరిడా ఒకటి. మెరకల మీద తిరిగే పడవ 16 నుండి 18 అడుగుల పొడవు ఉండి, పైకప్పు గాని గది గాని లేకుండా ఉంటుంది. చుట్టూ కిలోమీటర్ల మేర చదునైన నీరు. అందులో అన్నిటికంటె ఎత్తైనవి అరుగు మీద నిలబడిన గైడు, వేటగాడి చేతిలోని కర్ర. ఈ కర్రలను గ్రాఫైటుతో చేస్తారు. గ్రాఫైటు విద్యుత్ వాహకం.

ఉరుము సాధారణంగా 16 కి.మీ. దూరం వరకు వినబడుతుంది. పిడుగు కూడా మేఘానికి దాదాపు అంత దూరంలో పడగలదు. అనగా ఉరుము వినబడేసరికే పడవ పిడుగు పరిధిలోకి వచ్చినట్లే. మెరుపుకు, ఉరుముకు మధ్య గడచిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. కాని ఆ లెక్క వేసే సమయానికి తిరుగు ప్రయాణం మొదలై ఉండాలి. రేవు 25 కి.మీ. దూరంలో ఉంటే గంటకు 50 కి.మీ. వేగంతో పోయినా అరగంట పడుతుంది. అలలు లేస్తే ఆ వేగం సాధ్యం కాదు. దారిలో కొత్త మేఘం పుట్టవచ్చు. అందువలన అనుభవం ఉన్న గైడు ఉరుము కొరకు వేచి ఉండడు. మేఘపు తల దాగలి ఆకారంలో పరుచుకోవడం, అడుగుభాగం నల్లబడడం చూసి ముందే బయలుదేరతాడు.

తప్పించుకొనే వీలు లేనపుడు కర్రలను, గెడను, రేడియో ఏంటెన్నాను పడుకోబెట్టి, లైఫ్ జాకెట్లు ధరించి, లోహపు వస్తువులను తాకకుండా పడవ మధ్యలో వంగి కూర్చోవాలి. చేతులు నీటిలో పెట్టరాదు. ఇవి ప్రమాదాన్ని తగ్గించే జాగ్రత్తలే గాని రక్షణ కావు. కర్ర నుండి సన్నని రొద వినిపించడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం పిడుగు పడబోతున్నదనడానికి సూచనలు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే వరకు బయటికి రాకూడదని జాతీయ వాతావరణ సంస్థ సూచిస్తుంది. ఈ సంస్థకు కీ వెస్ట్‌లో కార్యాలయం ఉంది. దాని సముద్ర వాతావరణ సూచనలు రేడియోలో నిరంతరం ప్రసారమౌతాయి. ఆపద సమయంలో పిలుపుకు వి.హెచ్.ఎఫ్. రేడియో 16వ ఛానెల్‌ను వాడతారు.

గైడు బాధ్యత

డబ్బు తీసుకొని ప్రయాణికులను ఎక్కించుకొనే గైడుకు అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్సు ఉండాలి. చిన్న పడవలకు ఇచ్చే లైసెన్సుతో ఆరుగురు ప్రయాణికుల వరకు తీసుకుపోవచ్చును గాని, ఫ్లై ఫిషింగ్ పడవలో సాధారణంగా ఒకరిద్దరే ఉంటారు. ప్రయాణికుల క్షేమానికి కెప్టెన్‌దే బాధ్యత. బయలుదేరాలా, వెనుదిరగాలా అన్న నిర్ణయం కూడా ఆయనదే.

ఈ నిర్ణయం తేలిక కాదు. టార్పన్ కాలపు రోజులను వేటగాళ్ళు ఎంతో ముందుగా, కొందరు సంవత్సరం ముందే ఖాయం చేసుకొని దూరప్రాంతాల నుండి వస్తారు. ప్రయాణం, బస, గైడు రుసుము కలిసి పెద్ద ఖర్చు. గైడుకు కూడా సంవత్సరపు ఆదాయంలో ముఖ్యభాగం ఈ కొద్ది నెలలలోనే రావాలి. మేఘం పెరుగుతుండగా చేపలు చక్కగా కనబడుతుంటే, 'ఇంకొక్కసారి విసురుదాము' అనే కోరిక ఇద్దరికీ కలుగుతుంది. ప్రమాదం ఎక్కువగా దాగి ఉన్నది ఈ కోరికలోనే.

అందుచేత రద్దు నిబంధనలను ముందుగానే మాట్లాడుకోవడం మంచిది. వాతావరణం కారణంగా కెప్టెనే యాత్రను రద్దు చేస్తే బయానా తిరిగి ఇవ్వడం లేదా మరొక రోజు ఇవ్వడం సాధారణ పద్ధతి. మధ్యలో వెనుదిరిగితే రుసుము ఎంత అన్నది ఒక్కొక్క గైడు వద్ద ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఈ విషయం రేవులోనే తేలితే నీటి మీద నిర్ణయం తీసుకొనేటపుడు డబ్బు మాట అడ్డు రాదు. వరుసగా రెండు మూడు రోజులు ఖాయం చేసుకొన్నవారు ఒక రోజు పోయినా నష్టపోరు.

చేపల సంరక్షణ

2013 నుండి ఫ్లోరిడాలో బోన్‌ఫిష్‌ను పట్టిన వెంటనే వదిలివేయాలి. టార్పన్‌ను కూడా వదిలివేయవలసిందే. రికార్డు కొరకు ప్రత్యేక ట్యాగు పొందినవారికి మాత్రమే మినహాయింపు ఉంది. 40 అంగుళాల కంటె పొడవైన టార్పన్‌ను ట్యాగు లేకుండా నీటి నుండి పైకి ఎత్తరాదు.

వేసవి వేడి ఇక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. చాలాసేపు పెనుగులాడి అలసిపోయిన టార్పన్‌ను సొరచేపలు సులభంగా పట్టుకుంటాయి. అందువలన గట్టి కర్రతో త్వరగా దగ్గరికి తెచ్చి వదలమని, సొరచేప కనబడితే దారం తెంచివేయమని గైడులు చెబుతారు.

సాహిత్యంలో

థామస్ మెక్‌గ్వేన్ 1973లో ప్రచురించిన నైంటీ-టూ ఇన్ ద షేడ్ అనే ఆంగ్ల నవలకు కీ వెస్ట్ గైడుల మధ్య పోటీ నేపథ్యం. ఈ నవల 1975లో చలనచిత్రంగా వచ్చింది.